పేరు, ఇల్లు, తోడు
తీరగ్రామములలో వికలాంగుల సేవకు పంచాయతీ చేయదగిన పని

బాపట్ల పట్టణమునకు సుమారు 9 కిలోమీటర్ల దూరమున, సరుగుడు తోపులను దాటిన పిమ్మట, సూర్యలంక సముద్రతీరము కలదు. సెలవు దినములలో సముద్రస్నానమునకై వచ్చు యాత్రికులకు అది వినోదస్థలము. ఆ తీరమున వేటపై బ్రదుకు మత్స్యకారులకు అది జీవనాధారము. అయితే ఆశ్వయుజ, కార్తిక మాసములు వచ్చుసరికి అందరి చూపును సముద్రముపైననే యుండును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచివేసిన ఉప్పెనను, ఆనాడు ఈ తీరమునంతటిని ఊపివేసిన గాలివానను ఎరిగిన పెద్దలు నేటికిని మన గ్రామములలో నున్నారు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్లకు దక్షిణముగా, సమీపముననే తీరము దాటినది. ఆనాడు గాలులు గంటకు 90 నుండి 100 కిలోమీటర్ల వేగముతో వీచినవి.

తుపాను సమయమున గ్రామములలో జరుగు ఏర్పాట్లు పంచాయతీ సభ్యులకు క్రొత్తవి కావు. మైకుతో హెచ్చరిక చేయింతురు. పడవలను ఒడ్డునకు చేర్పింతురు. లోతట్టు ఇండ్లలోనివారిని తుపాను షెల్టరునకో, బడికో తరలింతురు. ఈ పనులలో మన యంత్రాంగము వెనుకటి కాలముకంటె ఎంతో ముందడుగు వేసినది. ఐనను ఒక ప్రశ్న మిగిలియున్నది. మైకు వినలేనివారికి ఆ మాట చెప్పువారెవరు? వినియు నడువలేనివారిని తీసికొనిపోవువారెవరు?

ఒక తీరగ్రామమును మనస్సున తలచుకొందము. అందు ఒక ఇంట చెవులు బొత్తిగా వినబడని వృద్ధురాలున్నది. మైకు బండి ఆమె గుమ్మము ముందునుండియే పోయినను ఆమెకు తెలియదు. మరియొక ఇంట తాటిచెట్టు నుండి పడి నడుము క్రిందిభాగము చచ్చుపడిన గీతకార్మికుడున్నాడు. ఆతడు హెచ్చరికను అందరికంటె ముందుగా వినును. భార్య కూలికి పోయియున్నచో, ఇసుక బాటలో చక్రాల కుర్చీ కదలక ఆతడు గదిలోనే నిలిచిపోవును. వేరొక ఇంట బుద్ధిమాంద్యము గల బాలుడున్నాడు. వాడు నడువగలడు, వినగలడు. కాని గుంపును, కేకలను చూచి బెదరి, సరిగా ఆ సమయముననే తోపులలోనికి పరుగెత్తును. ముగ్గురి ఇబ్బందులును వేరువేరు. వారి మేలు కోరువారు గ్రామమున లేకపోలేదు. ఎవరు ఎవరికొరకు పోవలెనను నిర్ణయము మాత్రము ముందుగా జరుగలేదు. ఆ నిర్ణయము చేయవలసినది పంచాయతీ. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఆ విషయమే.

చట్టమేమి చెప్పుచున్నది?

రాజ్యాంగ 73వ సవరణతో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు పదునొకండవ షెడ్యూలులో చేర్చబడినవి. ఆ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలునకు వచ్చినది. రోడ్లు, మంచినీరు, వీధిదీపములు అందున్నవని సభ్యులెరుగుదురు. 26వ విషయము సాంఘిక సంక్షేమము. వికలాంగుల సంక్షేమము ఆ పద్దులో పేరుతోసహా చెప్పబడినది. కావున ఈ పని పంచాయతీకి పరాయిది కాదు.

వికలాంగుల హక్కుల చట్టము 2016లో పార్లమెంటు ఆమోదము పొంది, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో నున్నది. 1995 నాటి పాత చట్టము 7 విధముల వైకల్యములను మాత్రమే గుర్తించియుండగా, ఈ చట్టము 21 విధములను గుర్తించినది. చూపు, వినికిడి, కాలుసేతుల లోపములతోపాటు మానసిక వ్యాధి, బుద్ధిమాంద్యము, ఆటిజము, మరుగుజ్జుతనము, కుష్ఠు నయమైనను మిగిలిన వైకల్యము, కండరముల క్షీణత, తలసీమియా, పార్కిన్సన్ వ్యాధి, ఆమ్లదాడికి గురియైనవారి వైకల్యము మొదలైనవి అందున్నవి. కావున కఱ్ఱపట్టుకొని నడచువారిని మాత్రమే లెక్కించుట చాలదు.

ఆ చట్టమునందలి 8వ సెక్షను తీరగ్రామములకు ముఖ్యమైనది. ప్రకృతి వైపరీత్యములలో వికలాంగులకు ఇతరులతో సమానమైన రక్షణ లభింపవలెనని అది శాసించుచున్నది. జిల్లా విపత్తుల నిర్వహణ సంస్థ జిల్లాలోని వికలాంగుల వివరములతో పట్టికనుంచి, ప్రమాదమును గూర్చి వారికి తగురీతిని తెలియజేయవలెనని ఆ సెక్షను చెప్పుచున్నది. బాపట్ల జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడినది. జిల్లా పట్టిక సరిగా నుండవలెనన్నచో గ్రామ పట్టిక సరిగా నుండవలెను. జిల్లా కేంద్రములో కూర్చున్న అధికారికి ఏ పాలెములో ఏ సందున ఎవరు మంచమున పడియున్నారో తెలియజేయగలవారు ఆ వార్డు సభ్యులే.

పరదేశానుభవము ఒకటి ఇక్కడ చెప్పదగియున్నది. 2011 మార్చి 11వ తేదీన జపానులో భూకంపము, సునామీ సంభవించినవి. ఆ పీడిత ప్రాంతములలో వికలాంగుల మరణపు రేటు తక్కిన జనుల రేటునకు సుమారు రెండింతలున్నట్లు పిమ్మట జరిపిన విచారణలలో తేలినది. సునామీ హెచ్చరికలకు పేరుపొందిన దేశముననే ఇట్లు జరిగినది. అంతట జపాను ప్రభుత్వము 2013లో తన విపత్తుల చట్టమును సవరించి, సహాయము కావలసినవారి పట్టికను ప్రతి స్థానిక సంస్థయు తయారుచేసి తీరవలెనని నిర్ణయించినది. 2021లో మరల సవరించి, ఒక్కొక్క వ్యక్తికి విడివిడిగా తరలింపు ఏర్పాటు వ్రాసియుంచుటకు స్థానిక సంస్థలు ప్రయత్నింపవలెనని చేర్చినది. అనుభవముచే వారు నేర్చిన పాఠమును మనము నష్టపడకయే నేర్వవచ్చును.

పట్టిక తయారుచేయు విధము

గ్రామములకు పోయి, "మీ ఊరిలో వికలాంగులెందరు?" అని అడిగినపుడు, "నలుగురో, అయిదుగురో ఉందురు" అను సమాధానము మాకు తరచుగా వచ్చుచుండును. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున 2.68 కోట్లమంది వికలాంగులున్నారు. అనగా నూటికి 2.21 వంతు. ఈ లెక్కను బట్టి చూచినను 3,000 జనాభా గల గ్రామమున 66 మంది యుండవలెను. నలుగురు కనబడి తక్కినవారు కనబడకపోవుటకు కారణము మనము అడుగు తీరులోనే యున్నది. "మీ ఇంట వికలాంగులున్నారా?" అని అడిగినచో చాలమంది లేరనియే చెప్పుదురు. పెండ్లికావలసిన పిల్ల యున్న ఇంట ఆ మాట అసలే పైకి రాదు. వయసు మళ్ళి చూపు తగ్గినవారిని వికలాంగులని ఇంటివారు తలంపరు.

ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున 2001లో ఏర్పడిన వాషింగ్టన్ బృందమను గణాంక నిపుణుల సంఘము ఇందులకు సులభమైన ఆరు ప్రశ్నలను రూపొందించినది. అనేక దేశములు వానిని వాడుచున్నవి. ప్రతి ఇంటను ప్రతి మనిషిని గూర్చియు ఈ విధముగ అడుగవలెను:

కండ్లజోడు పెట్టుకొన్నను చూచుటకు కష్టమగుచున్నదా? వినికిడి యంత్రము పెట్టుకొన్నను వినుటకు కష్టమగుచున్నదా? నడచుటకు, మెట్లెక్కుటకు కష్టమగుచున్నదా? జ్ఞాపకముంచుకొనుటకు, మనస్సు నిలుపుటకు కష్టమగుచున్నదా? స్నానము చేయుట, బట్టలు కట్టుకొనుట వంటి స్వంత పనులకు కష్టమగుచున్నదా? తన మాట ఇతరులకు తెలియజేయుటకు, ఇతరుల మాట తెలిసికొనుటకు కష్టమగుచున్నదా?

ప్రతి ప్రశ్నకును నాలుగు జవాబులుండును: కష్టము లేదు, కొంత కష్టము, చాల కష్టము, బొత్తిగా చేయలేరు. ఏ ఒక్క ప్రశ్నకైనను "చాల కష్టము" అనియో, "బొత్తిగా చేయలేరు" అనియో జవాబు వచ్చినచో ఆ పేరు పట్టికలోనికి రావలెను. వికలాంగుడన్న మాట ఒక్కసారియైనను నోట రాకుండగనే నిజము బయటపడును. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త, సచివాలయ ఉద్యోగి, వార్డు సభ్యుడు కలిసి వారము దినములు తిరిగినచో ఒక గ్రామము పూర్తి కాగలదు.

పట్టికలో అనేక గళ్ళు అవసరము లేదు. పేరు, ఇల్లు, ఏ పని కష్టము, ఏ సాధనము వాడుచున్నారు, ఏ మందు నిత్యము కావలెను, తోడు ఎవరు అను ఆరు గళ్ళు చాలును. వ్యాధుల వివరములను గోడకంటించుట తగదు. అది ఇతరుల గుట్టు. పుస్తకము పంచాయతీ కార్యాలయములో ఒకటి, సచివాలయములో ఒకటి యుండి, అవసరమైనవారి చేతికి మాత్రమే అందవలెను.

పేరును గూర్చి ఒక మాట

పట్టికలో మొదటి గడి పేరు. పల్లెలలో అక్కడనే చిక్కు వచ్చుట కద్దు. ఎన్నో ఏండ్లుగా ఒకరిని వారి లోపముతోనే పిలిచి, ఊరంతయు వారి అసలు పేరును మరచిపోయియుండును. తాతల నాటినుండి అట్లే పిలుచుచున్నామని, అందు ద్వేషము లేదని కొందరందురు. పిలుచువారికి ద్వేషము లేకపోవచ్చును, కాని పిలువబడువారికి ప్రతిదినము ఆ మాట తగులుచునేయుండును. నలుగురి ఎదుట అవమానింపవలెనను ఉద్దేశముతో వికలాంగుని దూషించుట 2016 చట్టములోని 92వ సెక్షను ప్రకారము నేరము. అందులకు ఆరు నెలల నుండి అయిదేండ్ల వరకు కారాగార శిక్షయు, జరిమానాయు విధింపవచ్చును. కాని శిక్షవరకు పోవలసిన అవసరమేమి? సర్పంచి గ్రామసభలో ఒకరిని వారి పేరుతో, వరుసతో పిలిచినచో, మరుసటి దినమునుండి ఊరును అట్లే పిలుచును.

తోడును నియమించుట

పట్టికలో చివరి గడి తోడు. మొత్తము పట్టికకు ప్రాణము ఈ గడియే. ఒక్కొక్క పేరునకెదుట ఇద్దరి పేర్లుండవలెను. ఒకరు వేటకో కూలికో పోయియున్నచో రెండవవారుందురు. వీరు దగ్గరి ఇండ్లవారై, ఆ వ్యక్తికి పరిచితులై, ఆ వ్యక్తియే అంగీకరించినవారై యుండవలెను. స్త్రీలకు స్త్రీలనే తోడుగా నియమించుట మేలు.

వాతావరణ శాఖ తుపానును గూర్చి దశలవారీగా హెచ్చరించును. తీరమున ప్రతికూల వాతావరణము మొదలగుటకు కనీసము 48 గంటల ముందు పసుపురంగుతో మొదటి సూచన, 24 గంటల ముందు నారింజరంగుతో గట్టి హెచ్చరిక, తీరము దాటుటకు సుమారు 12 గంటల ముందు ఎరుపురంగు సూచన వెలువడును. సాధారణముగ ఇండ్ల తరలింపు చివరి గంటలలో ముమ్మరమగును. వికలాంగులను మాత్రము నారింజ హెచ్చరిక వచ్చినంతనే, వాన ముదురకముందే, పగటి వెలుతురులోనే తరలింపవలెను. పసుపు హెచ్చరిక నాడు తోడు ఆ ఇంటికి పోయి, మందులు, కాగితములు, సాధనములు సిద్ధముచేయవలెను. వైకల్య ధ్రువపత్రము, ఆధారు, పింఛను కాగితములు పాలిథీను సంచిలో చుట్టిపెట్టవలెను. తుపాను గడచిన పిమ్మట పోయిన కాగితములను మరల సంపాదించుట నడువలేనివారికి మరియొక తుపానే యగును.

తోడుగా నుండువారు కొన్ని పద్ధతులు నేర్వవలెను. చెవిటివారికి వెనుకనుండి కేకవేసినచో లాభము లేదు. భుజము తాకి, ముఖము కనబడునట్లు ఎదుట నిలచి, సైగతోగాని బొమ్మతోగాని చెప్పవలెను. రాత్రియైనచో టార్చిలైటు వెలుగు తమ ముఖముపై పడునట్లు చూచుకొనవలెను. అంధుల చేయిపట్టి లాగుకొనిపోరాదు. వారే మన మోచేతిని పట్టుకొని ఒక అడుగు వెనుకగా నడచునట్లు చేసి, మెట్టు, గుంట, నీరు వచ్చినపుడు ముందుగా చెప్పవలెను. వెన్నెముక దెబ్బతిన్నవారిని చంకలక్రింద పట్టి ఎత్తరాదు. గట్టి బల్లపైనో, బిగుతైన మంచముపైనో పరుండబెట్టి నలుగురు మోయవలెను. షెల్టరులో వారిని రెండేసి గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పనిచో ఒంటిమీద పుండ్లు పడును. బుద్ధిమాంద్యము గల పిల్లలను ఎరిగినవారే తీసికొనిపోవలెను. వారికిష్టమైన వస్తువొకటి చేతికిచ్చి, షెల్టరులో గోలలేని మూలను చూపవలెను. మానసిక వ్యాధికి మందు తినుచున్నవారికి కనీసము వారము దినములకు సరిపడు మాత్రలు వెంటనుండవలెను. కఱ్ఱ, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రము వదలిపెట్టి మనిషిని మాత్రము తెచ్చుట సగము సహాయమే యగును. అన్నిటికంటె ముఖ్యముగ, "మిమ్ములనెట్లు తీసికొనిపోవలెను?" అని వారినే అడుగవలెను. తమ శరీరమును గూర్చి వారికంటె ఎక్కువ ఎరిగినవారు ఊరిలో వేరెవ్వరు నుండరు.

షెల్టరు విషయమున పంచాయతీ ఇప్పుడే చూచుకొనవలసినవి రెండు కలవు. మొదటిది వాలుబాట. ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు చొప్పున వాలుండవలెను. షెల్టరు అరుగు రెండడుగుల ఎత్తున నున్నచో వాలుబాట ఇరువదినాలుగు అడుగులుండవలెను. అంతకంటె నిటారుగా కట్టిన బాటపై చక్రాల కుర్చీని త్రోయుట ప్రమాదకరము. రెండవది మరుగుదొడ్డి. దాని ద్వారము చక్రాల కుర్చీ పట్టునంత వెడల్పుగా నుండి, లోపల పట్టుకొనుటకు కమ్మీ యుండవలెను. సంవత్సరమునకొకసారి, వానలకు ముందు, వికలాంగులతో కలిసి షెల్టరు వరకు నడచి చూచినచో లోపములన్నియు కనబడును.

మామూలు దినములలో ఈ పట్టిక ఉపయోగము

తుపాను ఏటేట రాకపోవచ్చును. అంతవరకు పుస్తకము బీరువాలో నుండవలసినదేనా? కాదు. ఆ పట్టికయే తక్కిన సేవలన్నిటికిని దారి చూపును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1978 నాటి ఆల్మా ఆటా ప్రకటన తరువాత, వికలాంగుల పునరావాసము పట్టణపు ఆసుపత్రులలోనేకాక వారి స్వగ్రామములలోనే, ఇరుగుపొరుగువారి సహాయముతో జరుగవలెనను పద్ధతిని ప్రోత్సహించినది. దానికే సమాజాధారిత పునరావాసమని పేరు. పేరు పెద్దదైనను పని చిన్నది: ఎవరికేమి కావలెనో తెలిసికొని, అది ఉన్న చోటికి వారిని చేర్చుట.

మొదట కావలసినది ధ్రువపత్రము. వైకల్యము 40 శాతమునకు తగ్గకయున్నట్లు వైద్యులు నిర్ణయించినవారికి చట్టములోని ముఖ్య సౌకర్యములు వర్తించును. ఇప్పుడు దేశమంతట చెల్లు విశిష్ట గుర్తింపు కార్డు ఇచ్చుచున్నారు. 2024 అక్టోబరులో సవరించిన నియమముల ప్రకారము 40 శాతమునకు తక్కువైనచో తెలుపు, 40 మొదలు 80 లోపైనచో పసుపు, 80 ఆపైన నీలము రంగు కార్డు వచ్చును. దరఖాస్తు పెట్టుటకు సచివాలయ ఉద్యోగి సహాయపడును. పరీక్ష దినమున ఆసుపత్రికి తీసికొనిపోవు మనిషి లేక మానుకొన్నవారు గ్రామమునకొకరిద్దరైనను ఉందురు. నలుగురైదుగురిని ఒక బండిలో కలిపి పంపు ఏర్పాటు పంచాయతీ చేయవచ్చును.

రాష్ట్ర ప్రభుత్వము 2024 జూలై 1 నుండి వికలాంగుల పింఛనును నెలకు 3,000 రూపాయల నుండి 6,000 రూపాయలకు పెంచినది. పూర్తిగా మంచమునకో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలుగా నిర్ణయించినది. సచివాలయ ఉద్యోగులు నెల మొదట ఇంటివద్దనే ఈ సొమ్ము అందజేయుచున్నారు. 2025లో పింఛనుదారుల వైకల్యమును మరల పరీక్షించినపుడు నోటీసులు అందుకొన్నవారికి అప్పీలు చేసికొను అవకాశము ఈయబడినది. ఇట్టి కాగితము ఇంటికి వచ్చినపుడు చదువురానివారు దానిని చూరులో దోపి ఊరకుండుట సహజము. ఆ కాగితమును చదివి, గడువు తేదీని చెప్పి, వెంటపోయి అర్జీ పెట్టించుట తోడుగా నున్నవారి పని. అర్హత కలవారు గడువు దాటుటచే నష్టపోరాదు.

సాధనములు కావలసినవారికి కేంద్ర ప్రభుత్వ పథకము 1981 నుండి అమలులో నున్నది. ఆదాయ పరిమితికి లోబడి మూడుచక్రాల బండ్లు, చంకకఱ్ఱలు, వినికిడి యంత్రములు, కృత్రిమావయవములు శిబిరములలో కొలత తీసి ఇత్తురు. కాన్పూరులో 1972లో ఏర్పడిన కృత్రిమావయవ నిర్మాణ సంస్థ వీనిలో అధికభాగమును తయారుచేయుచున్నది. జైపూరు కాలు గూర్చి మన ప్రజలకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ప్రమాదములో కాలు పోగొట్టుకొన్న సుధాచంద్రన్ ఆ కాలితోనే నాట్యము చేయుట మయూరి చలనచిత్రమున మనవారందరు చూచినదే. శిబిరము జరుగు తేదీ మండలమునకు వచ్చి, గ్రామమునకు చేరకయే గడచిపోవుచుండును. పట్టిక చేతనున్న సభ్యుడు ఆ తేదీని నేరుగా ఆ ఇండ్లకే చేర్చగలడు.

పసిపిల్లలను గూర్చి

పట్టిక తిరుగునపుడు పసిపిల్లల ఇండ్లలో కొంత ఎక్కువసేపు నిలువవలెను. నాలుగు నెలలు నిండినను మెడ నిలుపని బిడ్డ, తొమ్మిది నెలలు నిండినను కూర్చుండని బిడ్డ, ఏడాదిన్నర దాటినను నడువని బిడ్డ, వెనుక పళ్ళెము మ్రోగించినను తిరిగి చూడని బిడ్డ వెంటనే వైద్యునికి చూపదగినవారు. "వాళ్ళ నాన్నకు కూడ మాట ఆలస్యముగనే వచ్చినది" అని ఇంటి పెద్దలు ఊరడింతురు. ఆ ఊరడింపులో విలువైన కాలము గడచిపోవును. వినికిడి లేని బిడ్డకు తొలి మూడేండ్లలో చికిత్స, శిక్షణ లభించినచో మాట వచ్చుటకు ఎక్కువ అవకాశముండును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టుక నుండి 18 ఏండ్ల వరకు పిల్లలను అంగన్‌వాడీలలో, బడులలో పరీక్షించి, అవసరమైనవారిని జిల్లాలోని ప్రత్యేక కేంద్రమునకు పంపుదురు.

చదువు విషయమున 6 నుండి 18 ఏండ్ల వరకు వికలాంగ బాలలకు ఉచిత విద్య హక్కుగా నున్నది. దగ్గరి బడిలో చేర్చుటయా, ప్రత్యేక పాఠశాలలో చేర్చుటయా అన్నది వారి ఇష్టము. మండలములలో భవిత కేంద్రములు ఇట్టి పిల్లలకు శిక్షణ, వ్యాయామ చికిత్స ఇచ్చుచున్నవి. బాపట్లలో బధిర బాలబాలికలకు ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల కలదు. ఇంత దగ్గర ఇట్టి పాఠశాల యుండగా, చెవిటి బిడ్డ గొఱ్ఱెల వెంట తిరుగుచుండుట గ్రామమునకు తగినది కాదు.

చదివించినందున ఫలమేమని అడుగువారికి దగ్గరలోనే జవాబున్నది. మచిలీపట్టణము సమీపమున సీతారామపురములో రైతు కుటుంబమున పుట్టిన శ్రీ బొల్లా శ్రీకాంత్ పుట్టుకతో అంధులు. పదవ తరగతి పిమ్మట అంధులకు సైన్సు చదువనిచ్చుటకు నిరాకరింపగా, న్యాయస్థానమునకు పోయి ఆ హక్కును సాధించిరి. పిదప అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, స్వదేశమునకు వచ్చి 2012లో పరిశ్రమ స్థాపించి, అందు తనవంటివారికి పని కల్పించిరి.

రాకుండ చూచుకొనదగిన వైకల్యములు

కొన్ని వైకల్యములను గ్రామము తన జాగ్రత్తచే నివారింపగలదు. పోలియో ఇందులకు నిదర్శనము. దేశమున చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైనది. 2014 మార్చి 27వ తేదీన మన ప్రాంతము పోలియో రహితమని ప్రకటింపబడినది. ఇంటింట చుక్కలు వేసినందున కలిగిన ఫలమిది. కుష్ఠువ్యాధికి మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. స్పర్శ లేని మచ్చ కనబడినంతనే మందు మొదలుపెట్టినచో వ్రేళ్ళు వంకరపోవుట యుండదు. తాటిచెట్టు నుండిగాని, పడవ పైనుండిగాని పడి వెన్నునకు దెబ్బ తగిలినవానిని కూర్చుండబెట్టి నీరు త్రాగింపరాదు, భుజముపై వేసికొని పరుగెత్తరాదు. పడినట్లే, మెడ, నడుము కదలకుండ బల్లపైకి చేర్చి 108 బండిని పిలువవలెను. ఆ పది నిమిషముల నిదానము జీవితాంతపు పక్షవాతమును తప్పింపవచ్చును. మనస్సు చెదరినవారిని కట్టివేయుట, భూతవైద్యమునకు త్రిప్పుట మాని, 14416 నంబరునకు ఫోను చేసినచో తెలుగులోనే ఉచితముగ సలహా లభించును.

వారి మాటకు చోటు

ఇంతవరకు గ్రామము వికలాంగులకు చేయవలసినదానిని చెప్పితిమి. వికలాంగులు గ్రామమునకు చేయగలదానికి కూడ చోటుండవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వెలుగు పథకము క్రింద వికలాంగులు స్వయముగ సహాయ సంఘములుగ ఏర్పడి, పొదుపు చేసి, మండల సమాఖ్యలు కట్టి, తమ ధ్రువపత్రముల కొరకు, తమ పిల్లల చదువు కొరకు తామే అధికారులను కలిసికొనిరి. 2025లో తమిళనాడు శాసనసభ వికలాంగులను స్థానిక సంస్థలలో సభ్యులుగ నియమించుటకు బిల్లులను ఆమోదించినది. అదే రాష్ట్రమున మద్రాసు మెరీనా తీరమున, చక్రాల కుర్చీలో నుండువారు అలల దాపునకు పోవుటకు 2022 నవంబరులో కొయ్యబాట వేసిరి. కొద్ది దినములకే తుపానుకు అది చెదరగా మరల బాగుచేసిరి. సూర్యలంక కూడ యాత్రికులు వచ్చు తీరమే. తన ఊరి సముద్రమును జీవితములో ఒక్కసారియైనను దగ్గరనుండి చూడనివారు ఆ దాపు గ్రామములలో నుండిరేమో, పట్టిక వ్రాయునపుడు అడిగి తెలిసికొనదగును.

గ్రామసభ జరుగు చోటికి వారు రాగలుగునట్లు చూడవలెను. మేడపైన గదిలో సభ పెట్టినచో నడువలేనివారికి ఆహ్వానము లేనట్లే. పట్టికను వారి ఎదుట చదివి, తప్పులుదిద్ది, తోడుగా నియమించినవారిని సభలో నిలువబెట్టి పరిచయము చేయవలెను. తోడు బాధ్యత ఊరి ఎదుట ఒప్పుకొన్నది గనుక, తుపాను రాత్రి దానిని మరచుట సులభము కాదు.

ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక పుస్తకము, మోయుటకు రెండు మూడు బల్లలు, కొన్ని టార్చిలైట్లు, వారము దినముల తిరుగుడు చాలును. తరువాత ఆరు నెలలకొకసారి పుస్తకమును సవరింపవలెను. కొందరు మరణింతురు, కొందరు క్రొత్తగా మంచమున పడుదురు, తోడుగా నున్నవారు వలసపోవుదురు. అక్టోబరు రాకముందొకసారియు, ఏప్రిల్ మొదటనొకసారియు చూచుకొన్నచో రెండు తుపాను కాలములకును పుస్తకము సిద్ధముగ నుండును. డిసెంబరు 3వ తేదీ అంతర్జాతీయ వికలాంగుల దినము. సభలు, సన్మానములు ఆనాడు జరుగనిండు. అంతకుముందే తుపాను ఋతువు సగము గడచిపోవునని మాత్రము సభ్యులు గుర్తుంచుకొనవలెను.

కావున ఈ సంచిక అందిన వారములోనే ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులోని ఒక్క ఇంటికైనను పోయి, ఆ ఆరు ప్రశ్నలను అడిగి, పుస్తకములో మొదటి పేరును వ్రాయుదురుగాక. ఆ పేరునకెదుట తోడు గడిలో తమ పేరునే మొదటగా వ్రాసికొన్నచో తక్కిన ఊరు వారి వెంట నడచును.